మాస్టర్ ప్లాన్‌లో మన చేను మీద రోడ్డు గీత పడితే ఏం చేయాలి

మీ పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ వచ్చిందని తెలియగానే ముందు వాట్సాప్‌లో తిరిగే మ్యాపు ఫొటోను పక్కన పెట్టేయండి. దాన్ని ఎంత పెద్దది చేసి చూసినా గీత మీ చేలో పడిందో పక్క చేలో పడిందో తేలదు, ఊరికే టెన్షన్ మిగులుతుంది. మున్సిపల్ ఆఫీసుకో, పట్టణాభివృద్ధి సంస్థ ఆఫీసుకో వెళ్లి నోటిఫికేషన్ కాపీ అడగండి. అభ్యంతరాలు ఏ తేదీలోపు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వాలో అందులో ఉంటుంది. ఆ తేదీని ఇంట్లో అందరికీ కనపడేలా క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. మా ఊళ్లో సగం మంది ఈ తేదీ దగ్గరే దెబ్బతిన్నారు, ఆఫీసుకు వెళ్లేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది.

తర్వాత ఆ గీత ఎలాంటిదో తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్ని బట్టే దారి మారుతుంది. మాస్టర్ ప్లాన్‌లో చూపిన రోడ్డు అంటే రేపే వచ్చి భూమి తీసుకుంటారని కాదు, కానీ ఒకసారి ప్లాన్ ఖరారయ్యాక ఆ గీత పడిన మేరకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, లేఅవుట్ వేయబోతే ఆ మేర స్థలాన్ని రోడ్డుకు వదలమంటారు. భూసేకరణ వేరు. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. జాతీయ రహదారి అయితే 1956 చట్టం ప్రకారం 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోవాలనుకుంటున్నామనే ప్రకటన) గెజిట్‌లో వచ్చాక 21 రోజులే. ఒంగోలు నుంచి మచిలీపట్నం, నరసాపురం, అమలాపురం, కాకినాడ మీదుగా కత్తిపూడి దాకా పోయే 216 నంబరు రోడ్డుకైనా, పామర్రు నుంచి భీమవరం మీదుగా పాలకొల్లు వైపు వచ్చే 165 నంబరు రోడ్డుకైనా బైపాస్ అనో వెడల్పు అనో మాట వచ్చిందంటే ఈ 21 రోజుల లెక్కే గుర్తుంచుకోవాలి. నోటీసు ఇంటికి వస్తుందిలే అని కూర్చోకండి, పేపర్లో ప్రకటన వేసినా తెలియజేసినట్టే లెక్క.

ఇప్పుడు మీ సర్వే నంబరు. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (హక్కుల రికార్డు) మూడూ తీసుకోండి, మీభూమి సైట్లో కూడా వస్తాయి. రీసర్వే అయిన ఊళ్లలో పాత నంబరు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు వచ్చింది కాబట్టి రెండూ రాసి పెట్టుకోండి, ప్లాన్‌లో పాత నంబరే ఉండొచ్చు. గ్రామ సర్వేయర్ దగ్గర ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) కాపీ అడగండి. మీ చేను కొలతలు అందులో ఉంటాయి. డ్రాఫ్ట్ ప్లాన్‌లో మీ ఊరి షీటు నంబరు ఏదో చూసి, సర్వే నంబర్లతో ఉన్న పెద్ద స్కేలు షీటును దరఖాస్తు పెట్టి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే అభ్యంతరాల గడువు ఈ 30 రోజులకంటే ముందే అయిపోవచ్చు, అందుకని కాగితం కోసం ఎదురుచూస్తూ అభ్యంతరం ఆపొద్దు. ఉన్నదాంతో ముందు ఒకటి ఇచ్చేసి, కాగితం వచ్చాక అదనంగా ఇంకొకటి ఇవ్వండి.

షీటు చేతికొచ్చాక స్కేలు పెట్టి లెక్కేయండి. 24 మీటర్ల రోడ్డు మీ చేలో 60 మీటర్ల పొడవున పోతే 1440 చదరపు మీటర్లు, అంటే దాదాపు 35న్నర సెంట్లు. ఎకరం ఉన్న మనిషికి మూడో వంతు పైనే పోయింది. 30 మీటర్ల రోడ్డు ఒక కిలోమీటరు వేస్తే దాదాపు ఏడెకరాల 41 సెంట్లు. ఇక్కడ చాలామంది పోయిన భూమినే లెక్కేస్తారు. మిగిలినది మూలగా, మూడు ముక్కలుగా మిగిలితే ట్రాక్టరు తిరగదు, వరికోత మిషన్ దిగదు, అవతలి ముక్కకు నీళ్లు పోవు. అలా ముక్కలవడం వల్ల మిగిలిన భూమికి కలిగే నష్టాన్ని కూడా పరిహారంలో లెక్కలోకి తీసుకోవాలని 2013 చట్టం 28వ సెక్షన్‌లో ఉంది. అభ్యంతరంలోనే ఈ సంగతి రాసి పెడితే తర్వాత పనికొస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మన గోదావరి డెల్టాలో రోడ్డు గురించి మాట్లాడాలంటే ముందు నీటి గురించి మాట్లాడాలి, వేరే ఊళ్లలో ఎలా ఉన్నా ఇక్కడ మాత్రం అంతే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పటి నుంచీ పంట కాలవ మెరక మీద పోతుంది, మురుగు కాలవ పల్లంలో పోతుంది, చేలో నీరు కాలవ వైపు నుంచి చేను చేను దాటుకుంటూ డ్రెయిన్‌లోకి దిగుతుంది. నేల వాలు ఎంత తక్కువంటే కళ్లతో చూస్తే ఎటు పల్లమో కొత్తవాళ్లకు తెలియదు. కాలవకీ డ్రెయిన్‌కీ మధ్య, రెంటికీ సమాంతరంగా ఆరడుగుల ఎత్తున మట్టి పోసి రోడ్డు వేశారనుకోండి, అది రోడ్డు కాదు, గట్టు. పైన కురిసిన నీరంతా దాని వెనకే నిలబడుతుంది. సార్వా నాట్లు వేసిన పది రోజులకు వాయుగుండం పట్టిందంటే మొక్క కుళ్లిపోతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో మురుగు కాలవల సంగతీ ఉంది. సముద్రం దగ్గరి డ్రెయిన్లలో పోటు మీద నీరు అసలే లాగదు, ఆ సమయంలో పైన వర్షం కూడా పడితే రోడ్డు కింద నీరు దాటే తూములు ఎన్ని ఉన్నాయన్నదే ఊరి బతుకు.

ఉపగ్రహ చిత్రం మీద గీసిన బేస్ మ్యాపులో యనమదుర్రు, గోస్తనీ లాంటి పెద్ద డ్రెయిన్లు కనిపిస్తాయి. కొబ్బరి చెట్ల కింద పోయే బోదె, అంటే చిన్న పిల్ల కాలవ, కనిపించదు. గుర్రపుడెక్క కమ్మేసిన మురుగు కాలవ పైనుంచి చూస్తే పచ్చటి చేనులాగే ఉంటుంది. మా వైపు డ్రాఫ్ట్‌లో సరిగ్గా అదే జరిగింది. మూడు ఊళ్ల నీరు దిగే బోదె షీటులోనే లేదు, దాని మీదుగా నివాస జోన్ అని పసుపు రంగు వేసేశారు. కాబట్టి మీరు చేయాల్సిన అసలు పని ఇది: షీటు పట్టుకుని, ఊళ్లో నీరు పెట్టే అనుభవం ఉన్న పెద్దాయన్ని ఒకరిని వెంటబెట్టుకుని గీత పొడవునా నడవండి. బోదెలు, తూములు, కల్వర్టులు, పుంత దారులు (పాత బండి దారులు) అన్నీ షీటు మీద నీలం పెన్నుతో గీయండి. ప్రతి చోటా ఫోన్లో ఫొటో తీయండి, లొకేషన్, తేదీ పడేలా. ముంపు ఫొటోలు పాతవి ఇంటింటికీ తిరిగి అడగండి, 2022 జూలై వరదలప్పటివి చాలామంది ఫోన్లలో ఇంకా ఉంటాయి. పంచాయతీ గోడ మీదో గుడి అరుగు మీదో 1986 వరద మరక చూపించే పెద్దలుంటే ఆ ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. ఒక్క ఆదివారం నడిస్తే అయిపోయే పని.

పసుపు రంగు పడిందని సంతోషపడేవాళ్లకు కూడా ఒక మాట. వరి చేను నివాస జోన్ అయితే గజం ధర పెరుగుతుంది, నిజమే. కానీ పక్కన ఇంకా వరి వేసేవాళ్ల నీరు ఎటు పోవాలో ప్లాన్‌లో లేకపోతే రేపు మెరక చేసిన లేఅవుట్ ఆ వరి చేలను ముంచుతుంది, మెరక చేయని లేఅవుట్ తనే మునుగుతుంది. రాజమహేంద్రవరం పేదల ఇళ్ల స్థలాలకని కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు తీసుకున్నప్పుడు, అది నీరు నిలిచే నేల అన్న గొడవ హైకోర్టు దాకా పోయింది. మన భాషలో ఆవ అంటేనే నీరు చేరే పల్లం. ఇల్లు లేనివాళ్లకు స్థలం కావాలి, అందులో రెండో మాట లేదు, మోకాల్లోతు నీళ్లలో స్థలం ఇస్తే అది వాళ్లకు జరిగిన అన్యాయమే. అందుకే అభ్యంతరాలప్పుడు ఇళ్ల స్థలాల కోసం ఎదురుచూసేవాళ్లను కూడా కలుపుకుని వెళ్లండి, రైతులు ఒక పక్క, వాళ్లొక పక్క అయితే ఇద్దరి మాటా చెల్లదు.

అభ్యంతరం రాయడం

మొదటిసారి మేము చేసిన తప్పు చెబుతాను. ఒకే కాగితం రాసి, కింద రెండొందల మందికి పైగా సంతకాలు పెట్టించి ఇచ్చాం. రిజిస్టర్లో అది ఒక్క అభ్యంతరంగా ఎక్కింది. విచారణ రోజు మా బాబాయి లేచి, "మీరు గీసింది బాగానే ఉంది గానండి, ఈ నీళ్లు ఎటు పోవాలండి?" అని అడిగారు. "ఏ సర్వే నంబరండి?" అన్నారు అధికారి. బాబాయి దగ్గర నంబరు లేదు. నలభై ఏళ్లు ఆ చేలో నీరు పెట్టిన మనిషి, ఆయన అడిగింది సరైన ప్రశ్న, అయినా ఆ రోజు మినిట్స్‌లో, అంటే విచారణలో జరిగింది రాసే కాగితంలో, ఒక్క ముక్క రాయలేదు. రెండోసారి ఎవరి నంబరుకు వాళ్లం విడివిడిగా రాశాం.

రాసేటప్పుడు ఇలా ఉండాలి: "ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, విస్తీర్ణం ఎకరం 20 సెంట్లు నా పేరున ఉంది. డ్రాఫ్ట్ ప్లాన్ ఫలానా షీటులో 24 మీటర్ల రోడ్డు ఈ నంబరు మధ్యగా చూపారు. దీనికి ఉత్తరాన పంట కాలవ, దక్షిణాన మురుగు కాలవ ఉన్నాయి. పైనున్న 60 ఎకరాల నీరు ఈ నంబరు పడమటి హద్దు బోదె ద్వారా దిగుతుంది, ఆ బోదె మీ షీటులో లేదు, ఫొటోలు జతపరిచాను. ఈ రోడ్డును 200 మీటర్ల తూర్పున ఉన్న పుంత దారి మీదుగా మార్చాలని, మార్చడం కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలపాలని, జలవనరుల శాఖ డ్రెయినేజీ విభాగం పరిశీలన జరిగే వరకు ఖరారు చేయవద్దని కోరుతున్నాను." ఇంతే, ఒక పేజీ దాటొద్దు. ప్రత్యామ్నాయం చూపించిన కాగితానికి ఉన్న బరువు వద్దు అని మాత్రమే రాసినదానికి ఉండదు. అయితే మీ చూపుడువేలు ఇంకో చిన్న రైతు చేను వైపు తిరగకుండా చూసుకోండి, ముందు పుంతలు, ప్రభుత్వ పోరంబోకు ఎక్కడున్నాయో గ్రామ మ్యాపులో వెతకండి. డ్రెయిన్ గట్టు మీద వేయమని తొందరపడి రాయకండి, రోడ్డు కోసం గట్టు వెడల్పు చేస్తే డ్రెయిన్ ఇరుకవుతుంది.

ఎవరో పెద్ద మనిషి భూమి తప్పించడానికే గీత వంకర తిప్పారని ఊరంతా అనుకుంటూ ఉండొచ్చు. రుజువు లేకుండా కాగితం మీద అలా రాయకండి. దానికి బదులు అలైన్‌మెంట్ ఎందుకు వంపు తిరిగింది, మొదట ఎన్ని ప్రత్యామ్నాయాలు చూశారు, వాటి రిపోర్టులేవి అని అడగండి. జవాబు చెప్పాల్సిన భారం అప్పుడు వాళ్ల మీద పడుతుంది.

కౌలు రైతులు మనకు సంబంధం లేదనుకుని ఇంట్లో ఉండిపోతున్నారు. 2013 చట్టంలో భూమి లేకపోయినా ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదారు, వ్యవసాయ కూలీ కుటుంబాలు కూడా ప్రభావిత కుటుంబాలే. సీసీఆర్సీ కార్డు (కౌలుదారుకు ఇచ్చే సాగు హక్కు పత్రం) ఉంటే జెరాక్సు జతచేసి మీ పేరున మీరు రాయండి. మన వైపు చేలు దున్నేది ఎక్కువగా వాళ్లే.

కాగితం ఇచ్చాక రెండో కాపీ మీద తేదీ, ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోకుండా బయటికి రావద్దు. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో కూడా ఒకటి ఇవ్వొచ్చు, కానీ అది దీనికి బదులు కాదు, నోటిఫికేషన్‌లో చెప్పిన అధికారికి ఇచ్చిందే లెక్కలోకి వస్తుంది.

విచారణకు పిలిస్తే వందమంది వెళ్లినా మాట్లాడేది ఐదుగురు చాలు, ఒకరు నీరు, ఒకరు ముక్కలయ్యే భూమి, ఒకరు ఇళ్లు పోయేవాళ్ల సంగతి, అలా పంచుకోండి. తూములు ఎన్ని పెడతారు, ఒక్కోటి ఎంత వెడల్పు, అడుగు మట్టం చేను మట్టానికి ఎంత కింద ఉంటుంది అని అడగండి. తూము పెడతామన్న హామీ చాలదు, చేను కంటే ఎత్తులో పెట్టిన తూము ఉన్నా లేనట్టే. మీరన్నది మినిట్స్‌లో రాశారో లేదో చదివి వినిపించమనండి.

ఈలోగా బ్రోకర్లు వస్తారు. గీత పడిందంట, ఎంతో కొంతకి ఇచ్చేయండి బాబాయ్ అంటారు. డ్రాఫ్ట్ ఖరారు కాకుండా భయంతో అమ్మకండి, అడ్వాన్సు తీసుకుని అగ్రిమెంటు మీద సంతకం అసలు పెట్టకండి. మావాళ్లలో ఒకాయన అలా సగం ధరకు ఇచ్చేశారు, ఏడాది తిరక్కుండా గీత పక్కకు జరిగింది. రోడ్డుకు స్థలం గిఫ్ట్ డీడ్‌గా రాసిమ్మని ఎవరైనా అడిగితే దానికి బదులు టీడీఆర్ బాండు (వదిలిన స్థలానికి బదులుగా ఇచ్చే, అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు పత్రం) వస్తుందా, పరిహారం వస్తుందా అన్నది రాతలో తీసుకుని, వకీలుకు చూపించాకే రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కండి.

ఫైనల్ ప్లాన్ వచ్చిన రోజు మళ్లీ అదే షీటు తీసుకుని మీ నంబరు దగ్గర స్కేలు పెట్టి కొలవండి. బోదె గీత ఎక్కిందో లేదో చూడండి. రోడ్డు జరిగిందని మాటలో చెప్పి షీటులో పాత గీతే ఉంచిన సందర్భం మాకు ఎదురైంది, ఆ వారంలోనే పట్టుకున్నాం కాబట్టి సవరణ కోసం మళ్లీ కాగితం పెట్టగలిగాం.