జెడ్80 లేవకపోతే కోడ్‌ని చివర్న అనుమానించండి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో నాది టీవీ రిపేరు షాపు. ఇప్పుడు టీవీలు తక్కువ, వచ్చేవన్నీ మిక్సీలు, ఇండక్షన్ స్టౌలే. సాయంత్రం షట్టరు సగం దించాక బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చే పలక) మీద జెడ్80 అనే పాత ప్రాసెసరు పెట్టి ఒక కంప్యూటరు కట్టుకున్నాను. 32 కేబీ రోమ్, 32 కేబీ ర్యామ్, ల్యాప్‌టాప్‌తో మాట్లాడ్డానికి ఒక సీరియల్ పోర్టు. రోమ్‌లో నేను రాసిన బూట్‌లోడరు. ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రామును ర్యామ్‌లోకి దింపి, అక్కడికి జంప్ చేయడమే దాని పని.

స్విచ్ వేస్తే మూడు వారాలు ఏమీ రాలేదు. మా బావమరిది రోజూ షట్టరు కింద నుంచి తొంగిచూసి, "ఏటి బావా, ఇంకా లెగలేదేటి నీ కంప్యూటరు?" అనేవాడు. ఆ మూడు వారాలూ నేను కోడే తిరగరాస్తూ కూర్చున్నాను. తప్పు కోడ్‌లో లేదు.

ముందు కరెంటు చూడండి. మొబైల్ చార్జరు దగ్గర 5 వోల్టులు ఉన్నాయని సంబరపడొద్దు. మీటరు ప్రోబులు సరిగ్గా ప్రాసెసరు 11వ కాలి మీద, 29వ కాలి మీద పెట్టి చూడండి. నా బోర్డులో అవతలి చివర 4.4 చూపించింది. ఈ చిప్పులకి కనీసం 4.5 కావాలి. మందమైన తీగ ఇంకోటి వేసి, ప్రతి చిప్పు పక్కన 104 అని రాసి ఉండే బిళ్ల కెపాసిటరు పెట్టాను. క్లాక్ (ప్రాసెసరుని అడుగడుగునా నడిపించే పల్సులు) చూడ్డానికి ఆసిలోస్కోపు లేకపోయినా ఫర్వాలేదు. 6వ కాలి మీద డీసీ రేంజిలో 2.5 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తే ఆడుతున్నట్టే లెక్క. 0గానీ 5గానీ చూపిస్తే ఆగిపోయింది.

చెయ్యి దగ్గర పెడితే నడిచి, తీస్తే ఆగిపోతోందా? దెయ్యం కాదు. వెయిట్ (24), బస్ రిక్వెస్ట్ (25), ఇంటరప్ట్ (16), ఎన్‌ఎంఐ (17) కాళ్లలో ఏదో గాల్లో వేలాడుతోంది. వాడకపోయినా నాలుగింటినీ 10 కిలో ఓమ్‌లతో 5 వోల్టులకి కట్టేయండి. స్విచ్ వేస్తే లేవకుండా, రీసెట్ బటన్ నొక్కితే లేస్తుంటే, కరెంటు నిలదొక్కుకునేలోపే రీసెట్ అయిపోతోందన్నమాట. 10 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్‌లు పెడితే సుమారు పదోవంతు సెకను ఆగుతుంది, అది చాలు.

ఇక అసలు పరీక్ష. రోమ్, ర్యామ్ రెండూ పీకేయండి. ఎనిమిది డేటా లైన్లనూ ఒక్కోటి 1 కిలో ఓమ్‌తో గ్రౌండుకి కట్టండి. ప్రాసెసరుకి ఎక్కడ చదివినా 00 కనిపిస్తుంది (ఇక్కడి నుంచి ఆదేశాల కోడ్‌లు హెక్స్‌లో, అంటే 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా కూడా అంకెలుగా వాడే లెక్కలో). 00 అంటే ఏమీ చేయకుండా ముందుకి పొమ్మని. 65,536 చిరునామాలూ చుట్టి మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కోదానికి 4 క్లాకులు కాబట్టి, 4 మెగాహెర్ట్జ్ దగ్గర చిరునామా లైన్లలో ఆఖరిదైన ఏ15 (5వ కాలు) మీద పెట్టిన ఎల్‌ఈడీ సెకనుకి 15 సార్లు మినుకుతుంది. వెలిగినప్పుడు కూడా డల్‌గానే ఉంటుంది. దానికి నేను ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే, ఆదేశం తెచ్చుకున్న తర్వాతి సగంలో జెడ్80 పాతకాలపు డైనమిక్ మెమరీ కోసం రిఫ్రెష్ చిరునామా బయటపెడుతుంది. ఆ సగంలో ఏ15 సున్నాగా ఉంటుంది, అందుకే ఆ మసక.

ఈ పరీక్ష నా బోర్డు పాసయింది. దాంతోనే మోసపోయాను. రోమ్ తిరిగి పెట్టి, మొదటి చిరునామాలో 76 ఒక్కటే రాశాను. 76 అంటే హాల్ట్. అది చదివిన వెంటనే 18వ కాలు సున్నాకి పడిపోవాలి. పడలేదు. అప్పుడు టీ తాగుతూ జెడ్80 కాళ్ల బొమ్మ మళ్లీ చూశాను. డేటా కాళ్లు వరసగా ఉండవు: డీ4 7వ కాలు, డీ3 8వ కాలు. నేను ఎక్కే వరసలో డీ3ని 7కి, డీ4ని 8కి వేసేశాను.

ఈ తప్పు ఎంత జిత్తులమారిదో చూడండి. 00లో రెండు బిట్లూ సున్నాలే, మారినా తెలియదు. జంప్ ఆదేశం సీ3లోనూ ఆ రెండూ సున్నాలే, అదీ బాగానే పనిచేస్తుంది. కానీ 76 కాస్తా 6ఈ అవుతుంది, ఆగమంటే ఆగకుండా ఏదో మెమరీ నుంచి చదువుకుంటూ పోతుంది. స్టాక్ (తిరిగి రావాల్సిన చోటు గుర్తుంచుకునే మెమరీ) చిరునామా పెట్టే 31 కాస్తా 29 అవుతుంది, అంటే కూడిక. స్టాక్ పెట్టనే లేదు, మొదటి కాల్ నుంచి తిరిగి రాగానే ఎక్కడికో పోయేది. ర్యామ్‌కి ఈ గొడవ తెలియనే తెలియదు, తిప్పి దాచింది తిప్పే ఇస్తుంది. అందుకే ప్రాసెసరు తీసి, మీటరు బీప్‌లో పెట్టి చూడండి. 28సీ256 రోమ్ అయితే, దాని 15వ కాలు ప్రాసెసరు 8కి, 16వ కాలు 7కి కూయాలి. మిగతా ఆరూ అలాగే.

తీగలు సరిచేసి, 76కి 18వ కాలు సున్నాకి పడ్డాక, మొదటి చిరునామాలో సీ3 00 01 రాసి, 0100లో 76 పెట్టండి. చిన్న బైటు ముందు వస్తుంది, మర్చిపోవద్దు. అదీ ఆగితేనే మీ బూట్‌లోడరు ఎక్కించండి.

ఇప్పుడు కోడ్‌ని అనుమానించవచ్చు. పంపిన అంకెను పట్టి ఉంచే ఒక 74హెచ్‌సీ273 చిప్పుకి ఎనిమిది ఎల్‌ఈడీలు కట్టి, ప్రతి మెట్టు దాటాక ఒక అంకె పంపండి: స్టాక్ పెట్టాక 1, సీరియల్ సిద్ధమయ్యాక 2, మొదటి అక్షరం అందాక 3. ఎక్కడ ఆగిందో దీపాలే చెప్తాయి. తెర మీద పిచ్చి అక్షరాలొస్తే క్లాక్ ఇచ్చే క్రిస్టల్ చూడండి. సీరియల్ పోర్టు నడిపే 6850 చిప్పు ఆ క్లాక్‌ని 64తో భాగిస్తుంటే, 7.3728 మెగాహెర్ట్జ్‌కి సరిగ్గా సెకనుకి 115200 బిట్ల వేగం వస్తుంది. 4 మెగాహెర్ట్జ్‌కి 62500, ఆ వేగం టెర్మినల్ జాబితాల్లో సాధారణంగా కనిపించదు. ప్రోగ్రామును పంపే ఇంటెల్ హెక్స్ ఫైలులో మాత్రం చిరునామా పెద్ద బైటు ముందు ఉంటుంది, జంప్‌కి ఉల్టా. ప్రోగ్రాము దిగాక బూట్‌లోడరు స్వాగతమే మళ్లీ మళ్లీ వస్తోందంటే, ర్యామ్‌లో 8000 దగ్గర నడవాల్సిన ప్రోగ్రామును 0000కి అసెంబుల్ చేసుంటారు. దాని మొదటి జంప్ నేరుగా రోమ్‌లోకే పోతోంది. ప్రోగ్రాము ఏ చిరునామాలో మొదలవ్వాలో చెప్పే ఆర్గ్ లైను మార్చి మళ్లీ దింపండి.

చిప్పు కొనేవాళ్లకి ఒక్క మాట. 2024లో దీన్ని తయారుచేసే జైలాగ్ కంపెనీ ఈ పాత 40 కాళ్ల జెడ్80కి ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. ఆన్‌లైన్‌లో నాకొచ్చిన మొదటి చిప్పు పైభాగం గీకి కొత్త పేరు అచ్చేసింది. వీలైతే రెండు తెప్పించుకోండి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి.