నూరువరహాల ఆకులు పసుపెక్కితే

కుండీలోని నూరువరహాలకు కొత్త చిగుళ్లు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వస్తే అది ఇనుప ధాతు లోపం. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజనో మెగ్నీషియమో తగ్గినట్టు. ఈ తేడా గమనించక నత్రజని, భాస్వరం ఉండే డీఏపీ ఎరువు వేశాను, ఇంకా పాలిపోయింది. భాస్వరం ఎక్కువైతే ఇనుము మొక్కకు మరీ అందదు.

మట్టిలో ఇనుము ఉంటుంది, కరగదు, అంతే. ఈ మొక్కకు కాస్త పుల్లనేల, అంటే ఆమ్ల గుణమున్న మట్టి, కావాలి. ఉదజని సూచిక (పీహెచ్) 5.5 నుంచి 6.5 ఉంటే హాయి. చవుడు నీళ్లు, సిమెంటు గోడ నుంచి దిగే సున్నం దాన్ని 7.5 దాటిస్తాయి. అందుకే ముందు కుండీని గోడకు దూరం జరిపాను, వాన నీళ్లు పట్టి పోశాను.

లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం), తర్వాత 3 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, ఎండ తగ్గాక ఆకుల అడుగు కూడా తడిసేలా పిచికారీ చేయాలి. వారానికోసారి, మూడుసార్లు. కలిపిన వెంటనే వాడాలి. తుప్పు రంగు తిరిగితే పారబోయడమే. గచ్చు మీద పడితే మరక వదలదు!

పిచికారీ తాత్కాలికమే. 12 అంగుళాల కుండీకి చెంచాడు గంధకం పొడి పైమట్టిలో కలిపాను. సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి కాబట్టి నెలలు పడుతుంది. చీలేటెడ్ ఇనుము (మట్టిలో కరిగే ఉండేలా వేరే పదార్థంతో బంధించిన ఇనుము) కొనేవారు ఈడీటీఏ రకం వద్దనుకోండి, సున్నపు నేలలో అది నిలవదు, ఈడీడీహెచ్ఏ నిలుస్తుంది.

పూలు కొమ్మల చివర్లలోనే పూస్తాయి, కత్తిరింపు పూత అయ్యాకే.