బండి హెడ్డులో పట్టిన కార్బన్‌ని ఇంట్లోనే తీయడం

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వంద సీసీ బండి టకటకమని కొట్టుకుంటోందంటే, పెట్రోలు బంకు మార్చినా తగ్గట్లేదంటే, హెడ్డులో, అంటే వాల్వులు, ప్లగ్గు ఉండే ఇంజిన్ పైభాగంలో, కార్బన్ పేరుకుందేమో చూడాలి. పిస్టన్ నెత్తిన పట్టిన పొర చోటు తినేసి కంప్రెషన్ (ఆవిరి మీద పడే ఒత్తిడి) పెంచుతుంది. అది ఎర్రగా కాలి, ప్లగ్గు నిప్పు వేయకముందే పెట్రోలు ఆవిరిని అంటించేస్తుంది కూడా. ఎగ్జాస్ట్ వాల్వు అంచున పలుకు ఇరుక్కుంటే మాత్రం కథ తిరగబడుతుంది: వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది, పొద్దున్నే కిక్కులు కొట్టీ కొట్టీ కాలు నొప్పెడుతుంది.

అయినా వెంటనే పానా పట్టుకోవద్దు. ముందు ప్లగ్గు తీసి చూడండి. చేతికి అంటుకునే పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది, లేదా చోక్ సగంలో ఆగి ఉంటుంది. జిడ్డుగా, తడిగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. అంటే పిస్టన్ రింగులైనా వాల్వు సీళ్లైనా అరిగాయి. వాటిని మార్చకుండా ఎంత గీకినా కొన్నాళ్లకు మళ్లీ అదే పొర.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. కార్బొరేటర్, సైలెన్సర్ తీశాక, పిస్టన్ పైకొచ్చిందని చూపే, ఫ్లైవీల్ మీది టీ (T) గుర్తును కేసు మీది గీతకు కలపండి. ఆ స్థితిలో వాల్వులను నొక్కే ట్యాపెట్లు రెండూ వదులుగా ఆడాలి. ఆడకపోతే ఇంకో చుట్టు తిప్పండి. వాల్వులను తెరిచే క్యామ్ పళ్లచక్రం ఎలా నిలబడిందో ఫోన్‌లో ఫొటో తీసుకుని అప్పుడు చక్రం విప్పండి. ఆ చక్రాన్ని తిప్పే టైమింగ్ చైన్‌కి తీగ కట్టి పైకి లాగి ఉంచకపోతే అది కిందికి జారుతుంది. హెడ్డు నట్లను ఎదురెదురుగా, కాస్త కాస్త వదులు చేయండి.

హెడ్డూ పిస్టనూ అల్యూమినియం. అందుకే కాలవలు శుభ్రం చేసే కాస్టిక్ సోడా దగ్గరికి కూడా రానివ్వద్దు. అది కార్బన్‌తో పాటు లోహాన్నీ తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు బయటికొస్తుంది. హెడ్డు మునిగేంత డీజిలో కిరోసినో పోసి రాత్రంతా నానబెడితే చాలు. జిడ్డు కార్బన్ మెత్తబడుతుంది. గట్టిగా కాలినదాన్ని గీకాల్సిందే.

స్క్రూడ్రైవర్‌తో గీకితే పడే ప్రతి గీతా తర్వాత కార్బన్‌కి కొత్త గూడు. వెదురు బద్దను ఉలిలా వాలుగా చెక్కి, దాదాపు పడుకోబెట్టి తోయండి. కాస్త ఒత్తిడి పడగానే పొర పెళ్లలా లేస్తుంది, కింద బూడిదరంగు లోహం కనిపిస్తుంది. బద్ద మొన మొద్దుబారితే మళ్లీ చెక్కుకోవాలి. మూలల్లో ఇత్తడి బ్రష్ వాడండి. చివర్లో మిగిలే గోధుమరంగు మరక ఏ హానీ చేయదు, దాని జోలికి పోకండి. ఈ గీకుడంతా వాల్వులు హెడ్డులో ఉండగానే చేస్తే సీట్లకు (వాల్వులు ఆనే అంచులకు) దెబ్బ తగలదు.

పిస్టన్‌ని బోరులోనే, అంటే అది ఆడే సిలిండర్‌లోనే, ఉంచి శుభ్రం చేయొచ్చు. పైకి తెచ్చి, అంచు చుట్టూ సందులో గ్రీజు పూయండి, టైమింగ్ చైన్ దిగే గుంటలో గుడ్డ కుక్కండి. గీకాక వాక్యూమ్‌తో పీల్చి, ఆ గుడ్డ తీసేసి, పిస్టన్‌ని కొంచెం దించండి. బోరు గోడ మీద గ్రీజు నల్లటి వలయంలా అంటుకుని ఉంటుంది, తుడిచేయండి. ఇలా రెండుసార్లు. ఎమరీ పేపర్ మాత్రం వద్దు, దాని గరుకు రింగుల్లోకి దిగి బోరును అరగదీస్తుంది. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది: హెడ్డు నట్లే బోరునీ నొక్కి పట్టుకుంటాయి. ఇంజిన్ తిప్పినప్పుడు పిస్టన్‌తో పాటు బోరు లేస్తే కింది గాస్కెట్ ఊడి ఆయిల్ కారుతుంది. స్టడ్లకు (ఆ నట్లు ఎక్కే మరకడ్డీలకు) పైపు ముక్కలు తొడిగి నట్లు బిగించాకే తిప్పండి. తిప్పుతున్నంతసేపూ చైన్‌ని పైకి లాగిపెట్టాలి, లేకపోతే కింద పళ్లలో ఇరుక్కుంటుంది.

హెడ్డును కడిగి ఆరబెట్టాక, తలకిందులు కాకుండా పట్టుకుని పోర్టుల్లో (ఆవిరి వచ్చే, పొగ పోయే దారుల్లో) కిరోసిన్ పోయండి. రెండు నిమిషాల్లో వాల్వు చుట్టూ చెమ్మ దిగితే సీటు పోయినట్టే. వాల్వు తీసి పేస్టుతో రుద్దించాలి. స్ప్రింగు తీసే పరికరం లేకపోతే ఆ ఒక్క పని షాపులో చేయించండి.

పాత హెడ్డు గాస్కెట్ ఎంత బాగున్నట్టు కనిపించినా పారేయండి. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాలి. కిక్ కొట్టకముందు ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి టీ గుర్తు, క్యామ్ గుర్తు కలిశాయో లేదో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయొద్దు, వాల్వు పిస్టన్‌కి తగులుతోంది. ట్యాపెట్ సందు కూడా చల్లటి ఇంజిన్ మీదే సరిచేయాలి.

పలుకులు చైన్ గుంటలో పడ్డాయన్న అనుమానముంటే స్టార్టు చేయకముందే ఆయిల్ మార్చండి. మొదటి కొన్ని నిమిషాలు తెల్లపొగ వస్తే అది మిగిలిన డీజిల్ కాలడమే. వాడేసిన నల్ల డీజిల్‌ని కాలవలో పోయకుండా, మెకానిక్ షాపు వాళ్ల పాత ఆయిల్ డ్రమ్ములో పోయనిస్తారేమో అడగండి.