పాటలో ఏ తప్పు ఉంచాలి, ఏది దిద్దాలి: ఇంట్లో పాడి రికార్డ్ చేసుకునేవాళ్ళకి

ఇంట్లో ఫోన్‌తోనో, చిన్న మైకు పెట్టుకునో పాటలు రికార్డ్ చేసేవాళ్ళు ఇప్పుడు బోలెడుమంది, అందులో రెండు పార్టీలు కనిపిస్తాయి నాకు. ఒక పార్టీ వాళ్ళు ప్రతి అక్షరాన్నీ పిచ్ కరెక్షన్‌లో (శ్రుతి తప్పిన స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టి ఇస్త్రీ చేసేస్తారు, ముడత అన్నది కనిపించకూడదు. రెండో పార్టీ వాళ్ళు శ్రుతి ఎటు పోయినా "ఫీల్ ముఖ్యం అండీ" అనేసి అప్‌లోడ్ కొట్టేస్తారు. నాకైతే రెండో పార్టీ మీదే కాస్త ఎక్కువ చిరాకు, ఎందుకంటే ఫీల్ అనే మాటని వాళ్ళు ప్రాక్టీస్ ఎగ్గొట్టడానికి వాడుకుంటున్నారు.

గొంతు కాస్త జీరబోయినా, ఊపిరి వినిపించినా, చివరి అక్షరం సగంలో ఆగిపోయినా పాటకి అందం రావచ్చు, నిజమే, కానీ చుట్టూ ఉన్నదంతా సరిగ్గా ఉన్నప్పుడే. నాలుగు లైన్లు శ్రుతిలో నిలబడి ఐదో లైన్లో ఒక్కచోట గొంతు వణికితే వినేవాడికి "అరే, ఇక్కడేదో అయింది" అని తెలుస్తుంది, ఐదు లైన్లూ వణికితే ఈయనకి పాట రాలేదని తెలుస్తుంది. అమెరికా జాజ్ గాయని బిల్లీ హాలిడేని తీసుకోండి, చనిపోవడానికి ఏడాది ముందు 1958లో పాడిన పాటలు వింటే గొంతు పూర్తిగా అరిగిపోయి ఉంటుంది, పై స్వరాలు అందవు, కానీ మాటని తాళానికి కాస్త వెనకగా వేసి మళ్ళీ సరిగ్గా వచ్చి కలుసుకోవడం మాత్రం ఎక్కడా పోలేదు. పోయింది గొంతు, లయ కాదు. అందుకే ఇప్పటికీ జనం వాటిని వింటున్నారు.

సరే, పనిలోకి వద్దాం.

ముందు మీవి కాని తప్పులు తీసెయ్యండి

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కరోకే ట్రాక్ వింటూ పాడుతున్నారా, అయితే తాళం తప్పుతోందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఆ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీ సెకన్ల దాకా ఆలస్యంగా వస్తుంది, మీరు విన్నదానికి సరిగ్గానే పాడతారు కానీ రికార్డింగ్‌లో మాత్రం వెనకబడి ఉంటుంది. వైరుది వాడండి. ఒక చెవిలోనే పెట్టుకోండి, రెండో చెవికి మీ గొంతు గదిలోంచి వినబడాలి. ట్రాక్ సౌండ్ మరీ పెంచితే మీ స్వరం మీకే వినబడక శ్రుతి జారుతుంది, ఇది చాలామంది గమనించరు.

తర్వాత శ్రుతి ఎంచుకోవడం. సినిమాలో ఎవరు ఏ శ్రుతిలో పాడారో అదే శ్రుతిలో పాడాలని రూలేం లేదు, మన సంగీతం లెక్కలో (ఒకటి అంటే కీబోర్డ్‌లో C, ఐదు అంటే G) మామూలుగా మగవాళ్ళకి ఒకటి నుంచి రెండున్నర మధ్య, ఆడవాళ్ళకి ఐదు, ఐదున్నర, ఆరు దగ్గర హాయిగా ఉంటుంది, అయినా గొంతు గొంతుకీ తేడానే కాబట్టి ట్రాక్‌ని ఒకటి రెండు మెట్లు (కీబోర్డ్‌లో ఒక మీట నుంచి నల్లదైనా తెల్లదైనా పక్క మీటకి ఒక మెట్టు) దించి పాడి చూడండి. అందని స్వరం కోసం అరవడం వేరు, భావం వల్ల గొంతు పగలడం వేరు. మొదటిది వింటే వినేవాడి గొంతు కూడా నొప్పి పెడుతుంది.

ఫోన్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి, అది ఊపిరిని కూడా చప్పుడు అనుకుని కోసేస్తుంది, మెల్లగా పాడిన చివరి అక్షరాల్ని మింగేస్తుంది. మీరు కాపాడుకోవాలనుకున్న అందం అక్కడే పోతుంది మరి. మైకు నోటికి జానెడు దూరంలో, నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టండి, ప, బ, భ అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ తగ్గుతుంది.

టేకులు

పాట పూర్తిగా కంఠతా వచ్చాకే రికార్డ్ బటన్ నొక్కండి. ఫోన్లో లిరిక్స్ చూస్తూ పాడితే కళ్ళు చదువుతుంటాయి, గొంతు కూడా చదువుతుంటుంది, ఆ గొంతులో నిజంగా ఏ తడబాటూ రాదు, చదవడంలో వచ్చే తడబాటు తప్ప. మొదట పాట మొత్తం ఆపకుండా పాడండి, మధ్యలో తప్పు పోయినా ఆగొద్దు. పాత రోజుల్లో ఘంటసాల గారు పాడేటప్పుడు ఆర్కెస్ట్రా అంతా, సింగరూ కలిసి ఒకేసారి రికార్డింగ్, ఎవరు తప్పినా మళ్ళీ మొదటినుంచీ. కష్టమే, కానీ పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఒక మనిషి ఒకే ఊపులో పాడిన ఫీలింగ్ ఆ పాటల్లో ఉంటుంది, లైన్ లైన్‌గా పాడి అతికిస్తే అది రాదు. అలా మొత్తం పాటగా కొన్ని టేకులు, అంటే ఒక్కోసారి పాడిన రికార్డింగులు, తీసి పక్కన పెట్టండి, గొంతు అలిసిపోతే ఆపెయ్యండి, అలిసిన గొంతు ఎమోషనల్‌గా వినిపిస్తుందనేది ఒక భ్రమ. వినడం మాత్రం ఆ రోజు వద్దు, మర్నాడు వినండి. పాడిన వెంటనే వింటే మీకు మీ కష్టమే వినబడుతుంది.

ఉంచాలా తియ్యాలా ఎలా తెలుస్తుంది

అసలు విషయం ఇక్కడుంది. మొదట చూడాల్సింది, ఆ తప్పు అన్ని టేకుల్లోనూ అదే చోట వస్తోందా. వస్తే అది భావం కాదు, ఆ చోటు పాడటం మీకు రాలేదు అంతే, వెళ్ళి సాధన చెయ్యండి. ఒక్క టేకులోనే వచ్చిందంటే దాన్ని జాగ్రత్తగా వినాలి.

రెండోది, ఎక్కడ వచ్చింది. లైను వెళ్ళి కూర్చునే స్వరం ఉంటుంది కదా, పల్లవి చివర షడ్జమం (స) మీదో పంచమం (ప) మీదో వాలుతుంది, అక్కడ తగ్గితే ఎంత భావం ఉన్నా అపస్వరమే, వెనక తంబూరానో కీబోర్డో అదే స్వరం మోగిస్తుంటుంది కాబట్టి దాచలేరు. దారిలో వచ్చే స్వరం కాస్త అటూ ఇటూ అయితే పర్లేదు, కింద నుంచి మెల్లగా ఎక్కడం, పై నుంచి జారడం ఇవన్నీ మన పాటలో సహజమే.

మూడోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఏ మాట మీద వచ్చింది? అమ్మ గురించో విడిపోవడం గురించో ఉన్న లైన్లో ఆ మాట మీదే గొంతు జీరబోతే ఉంచండి, కళ్ళు మూసుకుని ఉంచండి. అదే జీర "మరియు" లాంటి పనికిరాని మాట మీద వస్తే (సినిమా పాటలో మరియు ఎవరు రాస్తార్లెండి, మాట వరసకి) అది గొంతులో కఫం.

ఇంకో సంగతి, బాలు గారు పాటల మధ్యలో నవ్వేవారు, వెక్కేవారు, మాట విరిచేవారు, జానకి గారు చిన్నపిల్ల గొంతుతోనూ ముసలమ్మ గొంతుతోనూ పాడేసేవారు. అవి తప్పులు కావు, నటన, పూర్తి కంట్రోల్‌తో చేసినవి. కవర్ (వేరేవాళ్ళ పాటని మళ్ళీ) పాడేవాళ్ళు అదే నవ్వుని అదే చోట దించుతుంటారు, వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, నవ్వు మీకొస్తే నవ్వండి, రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలెయ్యండి, ఎవరూ అడగరు.

ట్యూనర్ యాప్ ఎర్రగా చూపిస్తే

భయపడకండి. మీ స్వరం శ్రుతిలో ఉందో లేదో చూపించే ఆ యాప్ కొలిచేది కీబోర్డ్ లెక్క, అందులో ఒక్కో మెట్టుకి 100 సెంట్లు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే చిన్న కొలత), కాబట్టి అంతర గాంధారం (షడ్జమం నుంచి నాలుగు మెట్లు పైనుండే గ) 400 దగ్గర ఉండాలంటుంది. తంబూరా పెట్టుకుని చెవితో కలిపి పాడితే మీ గాంధారం దాదాపు 386 దగ్గర వాలుతుంది, యాప్ 14 సెంట్లు తక్కువంటుంది, తంబూరా మాత్రం హాయిగా కలిసిపోతుంది. వెనక తంబూరా ఉంటే చెవి మాట వినండి, కీబోర్డో గిటారో ఉంటే వాటితో కలపండి. 5, 6 సెంట్ల తేడా అయితే మామూలుగా ఎవరి చెవికీ పట్టదు, దాని కోసం రాత్రంతా కూర్చోవద్దు.

తోడి రాగంలో గాంధారం లాంటివైతే ఒకచోట నిలవనే నిలవవు, ఊగుతూనే ఉంటాయి, ఆ ఊగడమే స్వరం. యాప్‌కి అది తప్పులా కనిపిస్తుంది, పాపం దానికేం తెలుసు.

దిద్దక తప్పనివి

ల, ళ తేడా, శ, ష, స తేడా, హ్రస్వం దీర్ఘం కావడం, వత్తులు మింగడం. కల అనాల్సిన చోట కళ అంటే అందులో ఏ ఎమోషనూ లేదు, అర్థం మారిపోయింది. అలాగే తాళం మొత్తంగా పరిగెత్తడం. వీటి మీద చర్చ లేదు, మళ్ళీ పాడండి.

పిచ్ కరెక్షన్ వాడాల్సొస్తే

వాడటం నేరమేం కాదు. ఆటో ట్యూన్ అనే పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది, అప్పట్నుంచీ పెద్ద పెద్ద వాళ్ళే వాడుతున్నారు. కానీ మొత్తం పాటకి ఒకేసారి వేసి వదిలెయ్యకండి. అందులో రీట్యూన్ స్పీడ్ (స్వరాన్ని ఎంత వేగంగా దిద్దాలో చెప్పే సెట్టింగు) సున్నా దగ్గర పెడితే గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) కాస్తా మెట్లు మెట్లుగా విరిగిపోయి మర మనిషి పాడినట్టుంటుంది, కావాలని ఆ ఎఫెక్ట్ కోసం చేస్తే వేరే సంగతి. మెలోడైన్ లాంటి సాఫ్ట్‌వేర్ అయితే నయం, ఒక్కో స్వరాన్నీ విడిగా పట్టుకోవచ్చు, స్వరం ఏ ఎత్తు చుట్టూ ఊగుతోందో ఆ నడిమి ఎత్తుని మాత్రం కాస్త జరిపి, లోపలి ఊగడాన్ని ముట్టుకోకుండా వదలొచ్చు. పైన చెప్పానే, లైను వాలే స్వరాలు, అవి మాత్రమే పట్టుకోండి. దానికన్నా ముందు వేరే టేకులో ఆ లైను బాగా వచ్చిందేమో చూడండి, ఉంటే అది తెచ్చి పెట్టడమే మేలు, మీరు పాడిందే కదా.

ఊపిరి చప్పుళ్ళు మొత్తం కత్తిరించొద్దు. మరీ గట్టిగా ఉన్నవాటిని సగం తగ్గించండి చాలు. ఊపిరి లేని పాట వింటుంటే వినేవాళ్ళకే ఆయాసం వస్తుంది.

గుంపుగా పాడినదైతే, భజన గానీ బతుకమ్మ పాట గానీ కోరస్ గానీ, అసలు దిద్దొద్దు. పది గొంతులు ఒకే స్వరం పాడినా ఒక్కోటి వెంట్రుకవాసి తేడాతో ఉంటుంది, ఆ తేడాల వల్లే నిండుగా వినిపిస్తుంది, అన్నిటినీ ఒకే గీత మీదకి తెస్తే పదిమంది కలిసి ఒక్క మనిషయిపోతారు.

అన్నీ అయ్యాక రెండు వెర్షన్లు తియ్యండి, ఒకటి దిద్దింది, ఒకటి దిద్దనిది, ఏది ఏదో చెప్పకుండా సంగీతం రాని మనిషికి వినిపించండి. ఎలా ఉంది అని అడగొద్దు, బావుందంటారు, మనవాళ్ళు అంతకన్నా ఏమంటారు. ఏ లైను గుర్తుంది అని అడగండి. మీరు తీసెయ్యాలనుకున్న తప్పు ఉన్న లైనే చెప్పారా, ఉంచండి. అక్కడ మొహం చిట్లించారా, ఇక మాట్లాడేదేం లేదు, ఆ లైను మళ్ళీ పాడండి. ఒరిజినల్ ఫైల్ మాత్రం డిలీట్ చెయ్యకండి.