నోట్ ఉన్నా ఖాళీ పేజీ తెరుచుకుంటోందా? అబ్సిడియన్‌లో తెలుగు లింకుల సమస్య - పరిష్కారం

సమస్య: నోట్లు రాసి ఒకదానికొకటి లింకు చేసుకునే యాప్ అబ్సిడియన్. అందులో రాసుకున్నది, చంద్రగిరి కోట చుట్టూ అల్లిన రోల్‌ప్లేయింగ్ ఆట కథ (క్యాంపెయిన్). రాజమహల్ నోట్‌లో మ్యాపు, కాపలా గోబ్లిన్ల హెచ్‌పీ (ప్రాణ పాయింట్లు), ఉచ్చుల డీసీ (తప్పించుకోవడానికి పాచికల మీద రావాల్సిన అంకె) అన్నీ రాసి ఉన్నాయి. ఆట మధ్యలో సెషన్ (ఒక విడత ఆట) నోట్‌లోని లింకు నొక్కితే మాత్రం ఖాళీ పేజీ వస్తుంది. బ్యాక్‌లింకుల్లో (ఈ నోట్‌కు లింకు ఇచ్చిన నోట్ల జాబితాలో) కొన్ని సెషన్లు కనపడవు.

చాలామంది వెంటనే ప్లగిన్లు తీసేస్తారు, యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ముందు కంట్రోల్+ఓ నొక్కి (నోట్లు వెతికే పెట్టె వస్తుంది), పేరులో మొదటి మూడక్షరాలు కొట్టండి. ఒకే పేరు రెండుసార్లు కనపడితే ప్లగిన్ల తప్పేమీ లేదు. ఒక్కటే కనపడితే ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ తెరిచింది ఒకే వాల్టేనా (నోట్లన్నీ ఉండే ఫోల్డరేనా) చూడండి.

కారణం: పేరు చివర కనపడని అక్షరం. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో 200సి. పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపడం దాని పని. "రాజమహల్లో" కాకుండా "రాజమహల్‌లో" అని కనపడాలంటే అది ఉండాల్సిందే. చిక్కు ఎక్కడంటే, వాక్యం రాసేశాక "రాజమహల్" వరకు సెలెక్ట్ చేసి బ్రాకెట్లు తగిలిస్తాం. "లో" బయట ఉండిపోతుంది, కనపడని అక్షరం లింకు లోపలికి వచ్చేస్తుంది. కొన్ని కీబోర్డులైతే పొల్లుతో ఆగిన ప్రతి మాట చివరా దాన్ని వాటంతట అవే పెడతాయి. కంటికి రెండు పేర్లూ ఒకటే, అబ్సిడియన్‌కి వేర్వేరు.

గుర్తుపట్టడం తేలిక. తలకోన, చంద్రగిరి, స్వర్ణముఖి లింకులు బాగానే ఉండి, రాజమహల్, రాణిమహల్, పలాడిన్ లాంటి పొల్లుతో ముగిసేవే తెగుతుంటే అనుమానం దీనిమీదే. లింకులో చివరి అక్షరం పక్కన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. పొల్లు ఎగిరిపోయి "రాజమహల" అయితే పేరు శుభ్రమే, కంట్రోల్+జెడ్ కొట్టేయండి. కంటికి ఏమీ మారకపోతే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: ఖాళీ నోట్‌ను డిలీట్ చేసి ఊరుకోకండి. లింకు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ నొక్కగానే అదే ఖాళీ నోట్ మళ్లీ పుడుతుంది.

ఫోన్‌లో సింక్ ఆపి, వాల్ట్ ఫోల్డర్‌ను ఒకసారి కాపీ తీసుకోండి. ఖాళీ అనుకున్న నోట్‌లో ఎవరైనా నాలుగు ముక్కలు రాసి ఉంటే అసలు నోట్‌లోకి మార్చి, అప్పుడు డిలీట్ చేయండి. ఇక లింకులు. అబ్సిడియన్‌లో వాల్ట్ మొత్తానికి ఫైండ్-రీప్లేస్ సొంతంగా లేదు, అందుకే వాల్ట్ ఫోల్డర్‌ను విజువల్ స్టూడియో కోడ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. కంట్రోల్+షిఫ్ట్+హెచ్ నొక్కండి. తెగిన లింకును బ్రాకెట్లతో సహా కాపీ చేసి పై పెట్టెలో పేస్ట్ చేయండి. చేత్తో టైప్ చేస్తే కనపడని అక్షరం రాదు, వెతుకులాట వృథా. కింది పెట్టెలో శుభ్రమైన [[రాజమహల్]] పెట్టి, జాబితా ఒకసారి చూసుకుని అన్నీ మార్చేయండి. నిలువు గీత ఉన్న లింకులకు గీత వరకు కాపీ చేసి, కింది పెట్టెలోనూ గీత వరకే పెట్టి ఇదే పని ఇంకోసారి. వాల్ట్ అంతటా ఆ అక్షరాన్నే తీసేద్దామని మాత్రం అనుకోవద్దు. మామూలు వాక్యాల్లోని "రాజమహల్‌లో"లన్నీ "రాజమహల్లో" అయిపోతాయి.

అసలు నోట్ పేరులోనే ఆ అక్షరం ఉంటే, అదే పేరుతో రెండోది లేకుండా చూసుకుని ఎఫ్2 నొక్కి చివర ఒక బ్యాక్‌స్పేస్ కొట్టండి. సెట్టింగ్స్‌లో లింకుల ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లో ఉంటే మిగతాది అదే చూసుకుంటుంది.

ఇకముందు రాసిన మాటకు బ్రాకెట్లు తగిలించవద్దు. ముందే రెండు బ్రాకెట్లు కొట్టి, వచ్చే జాబితాలోంచి పేరు ఎంచుకోండి. విభక్తి కావాలంటే [[రాజమహల్|రాజమహల్‌లో]] అని రాయండి. గీతకు ఎడమ పక్క శుభ్రంగా ఉంటే చాలు.

ఇతర కారణాలు అరుదు. సింక్‌థింగ్ (ఫైళ్లను పరికరాల మధ్య సింక్ చేసే యాప్) వాడేవాళ్లు ఫైల్ పేరులో "సింక్-కాన్‌ఫ్లిక్ట్" అని ఉందేమో చూడండి. పేరు మధ్యలో రెండు స్పేస్‌లు పడినా లింకు తెగుతుంది.