డెక్‌కి మళ్లీ స్టెయిన్ ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి వెనకాల చెక్క డెక్, అంటే ఆరుబయట వేసిన చెక్క అరుగు, ఉంటుంది. దానికి స్టెయిన్, అంటే ఎండావానల నుంచి కాపాడేలా చెక్కకి పట్టించే రంగు, వేయించాలన్న సంగతి మాత్రం పక్కింటాయన వేయిస్తున్నప్పుడో, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరం వచ్చినప్పుడో గానీ గుర్తుకు రాదు. డబ్బా మీద ఇన్నేళ్లు గ్యారంటీ అని రాసిందని ఆ లెక్కన ఆగేవాళ్లూ ఉన్నారు, ఆ లెక్క నమ్మకండి. పూర్తిగా చెక్కను కప్పేసే సాలిడ్ రకం తప్పిస్తే, స్టెయిన్ లోపలికి ఇంకి పనిచేసే సరుకు. అందుకే ఎప్పుడు వేయాలి, ఏం కడగాలి, ఎంత పూయాలి అన్నవన్నీ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తాయి: మీ చెక్క ఇప్పుడు తాగుతుందా, తాగదా?

ట్రెక్స్ లాంటి కంపోజిట్ బోర్డులైతే (చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసినవి) మీకు ఈ గొడవే లేదు, సబ్బునీళ్లతో కడుక్కోండి చాలు.

చెక్కదైతే, రెండు మూడు రోజులు వాన పడకుండా డెక్ పొడిగా ఉన్నప్పుడు నాలుగైదు చోట్ల చెంచాడు చొప్పున నీళ్లు పోసి చూడండి. మెట్ల దగ్గర, గ్రిల్ పక్కన, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట, టేబుల్ కింద నీడలో. బొట్లు తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలబడితే ఈ ఏడాది వదిలేయండి. పది నిమిషాల్లోపే ఇంకిపోయి ఆ చోటు ముదురు రంగుకి తిరిగితే టైమ్ వచ్చేసినట్టే. మామూలుగా ఎండా నడకా రెండూ పడే చోట ముందు ఇంకుతుంది, రెయిలింగ్ ఇంకో ఏడాది రెండేళ్లు బాగానే ఉంటుంది. అలాంటప్పుడు నేల వరకే వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. రెయిలింగ్ కడ్డీలకి పట్టే టైమ్ నేల మొత్తానికి పట్టే టైమ్ కంటే ఎక్కువ, ఆ పని తప్పిందంటే సగం తప్పినట్టే.

కొత్త డెక్ వాళ్లకి వచ్చే సందేహం ఇంకోటి. ప్రెజర్ ట్రీటెడ్ పైన్, అంటే కుళ్లకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన చెక్క, తడిగానే షాపుకి వస్తుంది, కట్టిన వారంలో స్టెయిన్ వేస్తే ఇంకడానికి లోపల చోటే ఉండదు. కొన్ని వారాలు పట్టొచ్చు, కొన్ని నెలలైనా పట్టొచ్చు. ఇక్కడా అదే నీళ్ల పరీక్ష, ఇంకడం మొదలయ్యాకే డబ్బా కొనండి.

కొనేముందు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని డెక్ అంతా ఒకసారి తిరగండి. ఇంటి గోడకి డెక్‌ని పట్టించే బోర్డు, స్తంభాల అడుగులు, మెట్లు నేలని తాకే చోటు, ఇవన్నీ గుచ్చి చూడాలి. మెత్తగా లోపలికి దిగితే కుళ్లింది, ఆ బోర్డు మార్చాలి, దాని మీద ఎంత మంచి స్టెయిన్ వేసినా దండగే. మనవాళ్ల డెక్‌ల మీద ప్రత్యేకంగా చూడాల్సిన చోటు ఒకటుంది: కరివేపాకు కుండీ కింద. చలికాలమంతా ఇంట్లో దాచి, వేసవిలో బయట పెట్టి, రోజూ నీళ్లు పోస్తాం, అడుగున నల్లటి వలయం పడుతుంది. వలయం పైపైనే ఉంటే కడిగితే పోతుంది. గోరు దిగేంత మెత్తబడితే బోర్డు మార్చి, ఈసారి కుండీని చక్రాల పీట మీద పెట్టండి. పైకి లేచిన మేకులు తీసేసి డెక్ స్క్రూలు బిగించండి, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు కదా.

ఇల్లు 2004కి ముందుదై డెక్ అప్పటిదే అయితే మాత్రం శాండర్ (చెక్కని గీకే మెషీన్) జోలికి పోకండి. అమెరికాలో 2003 చివరి దాకా ఇళ్లకి వాడిన ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ ఉన్న మందు ఉండేది, గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటిదాన్ని సబ్బునీళ్లతో మెల్లగా కడిగి వేసుకోవాలి తప్ప గీకకూడదు, కింద చెప్పే ప్రెజర్ వాషరూ ఘాటు క్లీనర్లూ కూడా దానికి వద్దు.

ఏ రకం కొనాలంటే, నేలకి సెమీ ట్రాన్స్‌పరెంట్ (రంగు ఉంటూనే చెక్క గీతలు కనిపించేది) అంటాను నేను. పూర్తి పారదర్శకమైనది ఏడాదికే పోతుంది. సాలిడ్ నాలుగైదేళ్లు ఉంటుందంటారు గానీ, నడిచే చోట పెచ్చులు లేస్తుంది, పెచ్చులు లేచాక గీకడం నరకం. సెమీ ట్రాన్స్‌పరెంట్ రెండు మూడేళ్లలో నెమ్మదిగా వెలిసిపోతుంది, మళ్లీ కడిగి ఇంకో కోటింగ్ వేస్తే సరిపోతుంది. డెక్ బాగా పాతబడి మాసికలు పడితేనే సాలిడ్‌కి వెళ్లండి, ఒకసారి వెళ్లాక పాతదంతా స్ట్రిప్పర్‌తో ఊడదీయకుండా వెనక్కి రాలేరు. హెచ్ఓఏ ఉంటే రంగుకి ముందే అనుమతి తీసుకోండి.

ఇక కడగడం. అసలు పని ఇదే, స్టెయిన్ వేయడం చివరి పూట పని. సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న డెక్ క్లీనర్ కలిపి పోసి, పదీ పదిహేను నిమిషాలు తడి ఆరకుండా చూస్తూ, గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో బోర్డు పొడుగునా తోమాలి. ఇనుప బ్రష్ వద్దు, దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు మచ్చలు పడతాయి. మామూలు క్లోరిన్ బ్లీచ్ కూడా వద్దు, అది చెక్క నారనే తినేస్తుంది. ఇంట్లో వాసన వస్తుందని స్టవ్ బయట పెట్టి పకోడీలూ చేపలూ వేయించే వాళ్లయితే ఆ చుట్టుపక్కల నూనె చుక్కలు ఇంకి ఉంటాయి, ఆ చోట గిన్నెల సబ్బుతో రెండుసార్లు విడిగా తోమండి, లేకపోతే సరిగ్గా అక్కడే స్టెయిన్ పట్టదు. ప్రెజర్ వాషర్ వాడితే వెడల్పు నాజిల్ పెట్టి, పైన్‌కి నీటి ఒత్తిడి 1200 పీఎస్ఐ దాటకుండా, అడుగు దూరంలో పట్టుకోండి. దగ్గరగా పెడితే నార పైకి లేచి డెక్ మొత్తం బొచ్చు బొచ్చుగా తయారవుతుంది.

తర్వాత ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న బ్రైట్‌నర్ చల్లి కడిగేస్తే బూడిద రంగు పోయి చెక్క రంగు బయటికొస్తుంది, మేకుల చుట్టూ ఉన్న నల్ల మచ్చలు కూడా తగ్గుతాయి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు, ఎగ్గొట్టకండి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, చుట్టూ ఉన్న మొక్కల్ని ముందే తడిపి ఉంచండి. ఇంకా గరుకుగా ఉంటే, ఎండాక, 60 లేదా 80 నంబరు శాండ్‌పేపర్ సరిపోతుంది. టీపాయ్‌లా నున్నగా చేయాలని 150 దాకా వెళ్తే రంధ్రాలు మూసుకుపోయి ఇంకదు.

ఆ తర్వాత ఆరనివ్వాలి. రెండు పూర్తి ఎండరోజులు, నీడ ఎక్కువైతే మూడు. శనివారం కడిగి ఆదివారం పూసేద్దాం అనుకుంటే కుదరదు. జార్జియా, కరోలినాల్లో వసంతకాలంలో పైన్ పుప్పొడి పసుపు చల్లినట్టు పడుతుంది, అది తగ్గేదాకా మొదలుపెట్టొద్దు. టెక్సస్‌లో జులై, ఆగస్టు మర్చిపోండి, బోర్డు కాలుతుంటే స్టెయిన్ ఇంకకముందే ఆరిపోయి చారలు పడుతుంది. గాలి వేడి 50, 90 ఫారెన్‌హీట్ మధ్య, నేరుగా ఎండ లేని పూట, ముందు వెనకా ఒక రోజు వాన లేకుండా, ఇలాంటి రోజు దొరికితే చాలు.

డబ్బాలు రెండు మూడు ఉంటే అన్నీ ఒక బకెట్లో కలిపేయండి, డబ్బాకీ డబ్బాకీ రంగు కాస్త తేడా ఉంటుంది. గాలన్‌కి 150 నుంచి 300 చదరపు అడుగులు వస్తుంది, పాత చెక్క ఎక్కువ తాగుతుంది కాబట్టి తక్కువే లెక్కేసుకోండి. 12 అడుగులకి 16 అడుగుల డెక్ నేల అంటే 192 చదరపు అడుగులు, తక్కువ లెక్కన ఒక గాలన్ చాలదు. రెయిలింగ్ ముందు, నేల తర్వాత, మెట్లు చివర. రెండు మూడు బోర్డులు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆగకుండా వెళ్లండి. మధ్యలో ఫోన్ వస్తే ఎత్తకండి, ఆగిన చోట గీత పడుతుంది. రోలర్‌తో పూసినా వెనకే బ్రష్‌తో రుద్దాలి. బోర్డుల కోసిన చివర్లకి కాస్త ఎక్కువ పట్టించండి, నీళ్లు ఎక్కువ తాగేది అవే. పావుగంట తర్వాత ఎక్కడైనా తళతళలాడుతూ నిలబడి ఉంటే గుడ్డతో తుడిచేయండి. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని ఒత్తుగా వదిలేస్తే వారమైనా కాళ్లకి అంటుకుంటూనే ఉంటుంది. రెండో కోటింగ్ వేయమని డబ్బా మీద ఉంటేనే వేయండి.

ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి గ్యారేజీలో చెత్తబుట్టలో పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, ఇళ్లు కాలిన సంఘటనలు ఉన్నాయి. బయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనిచ్చి పడేయండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

మర్నాటి నుంచి మెల్లగా నడవొచ్చు, కుర్చీలూ గ్రిల్లూ మాత్రం రెండు మూడు రోజులాగి పెట్టండి. మిగిలిన స్టెయిన్ డబ్బా మూత మీద రంగు పేరూ, వేసిన నెలా మార్కర్‌తో రాసి దాచండి.