ఒళ్లు కాలిపోతుంటే చలెందుకు? దుప్పటి కప్పాలా, తియ్యాలా?

థర్మామీటర్‌లో 102 ఉంటుంది, మనిషేమో చలి చలి అంటూ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటాడు. ఒకరు ఇంకో దుప్పటి తెస్తారు, ఇంకొకరు "ఒళ్లు కాలిపోతుంటే దుప్పటేంటి, తీసెయ్" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే వేర్వేరు సమయాల్లో. జ్వరం ఎక్కుతోందా, నిలబడిందా, దిగుతోందా అన్నది ముందు చూసుకోండి.

మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని 98, 99 ఫారెన్‌హీట్ దగ్గర పట్టి ఉంచుతుంది. వైరస్సో బాక్టీరియానో చొరబడితే తెల్ల రక్తకణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. ఆ కబురు మెదడుకి చేరగానే అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారై, ఏసీ రిమోట్‌లో నంబరు పెంచినట్టు, 98ని ఏ 103కో మార్చేస్తుంది. ఇప్పుడు శరీరం లెక్కలో ఉండాల్సింది 103, ఉన్నది 99. నాలుగు డిగ్రీలు తక్కువ, మరి చలెయ్యదా? వేడి బయటికి పోకుండా చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకే నుదురు కాలుతున్నా పాదాలు మంచులా ఉంటాయి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అదీ చాలకపోతే కండరాలు వాటంతట అవే ఆడి వేడి పుట్టిస్తాయి. అదే వణుకు.

ఇదంతా ఊరికే కాదు. ఆ వేడిలో చాలా సూక్ష్మజీవులు సరిగా పెరగలేవు, రోగనిరోధక కణాలు చురుగ్గా పనిచేస్తాయి. కాబట్టి ఎలాగైనా 98కి దించాలన్న పంతం వద్దు. మనిషికి ఇబ్బంది తగ్గిందా లేదా అన్నదే నేనైతే చూస్తాను.

వణుకుతున్నంతసేపూ దుప్పటి కప్పండి, గోరువెచ్చగా ఏదైనా తాగించండి. తడిగుడ్డ జోలికి వెళ్లొద్దు, చల్లనీళ్లు తగిలితే నాళాలు ఇంకా బిగుసుకుని వణుకు పెరుగుతుంది. అప్పుడు చూసిన రీడింగే ఫైనల్ అనుకోకండి, వేడి ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, అరగంటాగి మళ్లీ చూడండి. చంకలో పెట్టేటప్పుడు చెమట తుడిచి, చెయ్యి గట్టిగా దగ్గరికి నొక్కిపెట్టాలి.

వణుకు ఆగి, ముఖం ఎర్రబడి, పాదాలు కూడా వేడెక్కాయంటే జ్వరం అనుకున్న చోటికి చేరినట్టే. ఇప్పుడు దుప్పటి తీసేసి పల్చటి బట్టలు వేయండి, ఫ్యాన్ పెట్టినా పర్లేదు. పారాసెటమాల్ పనిచేసేది ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గించి, అంటే ఆ నంబరునే కిందికి దించుతుంది. పెద్దవాళ్లకి ఒకసారికి 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము, మధ్యలో కనీసం 4 నుంచి 6 గంటల ఎడం, రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు. లివర్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాలి, పిల్లలకి బరువును బట్టి డాక్టర్ చెప్పినంతే. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవకుండా రెండూ కలిపి వేసేస్తుంటారు. పిల్లలకి ఆస్పిరిన్ వద్దు, డెంగీ అనుమానముంటే ఎవరికైనా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రెండూ వద్దు.

నంబరు కిందికి రాగానే ఉన్న వేడి ఎక్కువైపోతుంది, చెమటలు కారిపోతాయి. తడిసిన బట్టలు మార్చి నీళ్లు బాగా తాగించండి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఇంకా తాగాలి. చటుక్కున లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. కొన్ని గంటల తర్వాత మళ్లీ చలి మొదలైతే టెన్షన్ పడకండి, చాలాసార్లు అది మాత్ర ప్రభావం అయిపోయి నంబరు మళ్లీ పైకెళ్లడమే.

వడదెబ్బ సంగతి వేరు. అక్కడ నంబరు మారదు, ఒళ్లే చల్లబడలేక వేడెక్కిపోతుంది. దానికి పారాసెటమాల్ పనికిరాదు, చల్లనీళ్లతో ఒళ్లు తడుపుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఆయాసం, ఫిట్స్, ఒంటి మీద ఊదారంగు మచ్చలు, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యొద్దు. 3 నెలలు నిండని పసిబిడ్డకి 100.4 వచ్చినా అంతే. పళ్లు టకటకా కొట్టుకుంటూ మంచం ఊగేంత వణుకు వస్తే మలేరియానో, మూత్రంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో కావచ్చు, జ్వరం దిగిపోయినా చూపించుకోవాల్సిందే. వెళ్లేటప్పుడు చలి ఎప్పుడు మొదలైంది, ఎంత వరకు ఎక్కింది, మాత్ర ఎన్నింటికి వేశారు అన్నది కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.